మా కాంపౌండ్ గోడ మీద ఎవడో సంతకం పెట్టిపోయాడు. ఇది ఆర్టా, అల్లరా?

కూకట్‌పల్లి_రమణ | శనివారం, ఉదయం 7:20

మూడు వారాల్లో ఇది రెండోసారి. సంక్రాంతికి రంగులు వేయించిన గోడ అది, లేత క్రీమ్ కలర్. పొద్దున్నే పాల ప్యాకెట్ల కోసం గేటు తీస్తే ఎదురుగా రెండు మూరల ఎత్తున నలుపూ వెండిరంగూ కలిసిన మెలికలు. అక్షరమో, చుట్ట చుట్టుకున్న పామో తెలీదు. మొదటిసారి పోనీలే అని సున్నం కొట్టించాను. పది రోజులకి సున్నంలోంచి నల్లగా మళ్ళీ పైకి తేలింది. దాని పక్కనే వాడు ఇంకోటి వేసి వెళ్ళాడు.

అపార్ట్‌మెంట్ సెక్రటరీని నేనే కాబట్టి తిట్లన్నీ నాకే. మా అబ్బాయేమో "నాన్నా, దాన్ని ట్యాగ్ అంటారు, గ్రాఫిటీ, అమెరికాలో ఇలాంటివి కోట్లకి అమ్ముతారు" అంటున్నాడు. కోట్లు పలికేదైతే వాడింటి గోడ మీదే వేసుకోవచ్చుగా? వెటకారం కాదు, నిజంగానే అడుగుతున్నాను. ఇందులో ఏముందని అంత గొప్ప? ఫొటో పెట్టాను. చదవడం వచ్చినవాళ్ళు ఎవరైనా అదేమిటో చెప్పండి.

శుభ్రత_ముఖ్యం | శనివారం, ఉదయం 7:48

సీసీ కెమెరా పెట్టించండి. వాణ్ణి పట్టుకుని రెండు తగిలిస్తే గొప్పేమిటో వాడే చెప్తాడు. కెమెరాకి డబ్బుల్లేకపోతే దేవుడి బొమ్మల టైల్స్ అంటించండి. మా వీధిలో గోడ తడిపేవాళ్ళంతా దాంతోనే మానేశారు.

రంగులడబ్బా | శనివారం, ఉదయం 9:15

రమణన్నా, ఫొటో జూమ్ చేసి చూసిన. ఎడమవైపు 'ఎస్' లెక్క ఉంది, పక్కన ఎనిమిది అంకె కావొచ్చు. పూర్తిగా అర్థం కాలేదు. దీన్ని వైల్డ్‌స్టైల్ అంటారు. అక్షరాల్ని ఒకదాంట్లోకి ఒకటి ముడేసి, బాణాలు పెట్టి, బయటివాళ్ళు చదవలేనట్టే రాస్తారు. సాటి రైటర్లు, అంటే ఇట్ల గోడల మీద రాసేటోళ్ళు, చదివితే చాలని లెక్క.

నేను ఈ ఫీల్డ్‌లోనే ఉన్న. కేఫ్‌లకీ, ఆఫీసులకీ గోడలు వేస్త. మీ గోడ మీద వేసింది నేను కాదు, ముందే చెప్తున్న :)

క్వీన్స్_మాధవి | శనివారం, ఉదయం 10:05

రమణ గారూ, మీ అబ్బాయి చెప్పిన కోట్ల సంగతి తర్వాత. అసలు ఇది మొదలైంది డబ్బు కోసం కాదు. నేను న్యూయార్క్‌లో క్వీన్స్ వైపు ఉంటాను, ఈ పిచ్చి నాకు ఇక్కడే పట్టుకుంది. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపికుంటే చదవండి.

1960ల చివర్లో ఫిలడెల్ఫియాలో కార్న్‌బ్రెడ్ అనే కుర్రాడు ఉండేవాడు. తనకి నచ్చిన అమ్మాయి కంట పడాలని ఆమె నడిచే దారి పొడుగునా తన పేరు రాసేవాడట. (మన కాలేజీ బెంచీల మీద బాణం గుచ్చిన గుండెకాయలు గుర్తొస్తున్నాయా?) ఆ తర్వాత న్యూయార్క్‌లో టాకీ 183. అసలు పేరు డిమిట్రియస్, గ్రీకు కుటుంబం, ఇల్లు 183వ వీధి. ఉత్తరాలూ పార్సిళ్ళూ అందించే ఉద్యోగం కాబట్టి రోజంతా సబ్‌వేలో, అంటే ఇక్కడి మెట్రో రైల్లో, ఊరు చుట్టేవాడు. జేబులో లావుపాటి మార్కర్ పెన్ను, దిగిన ప్రతిచోటా పేరు. 1971 జూలై 21న న్యూయార్క్ టైమ్స్ అతని గురించి రాసింది. ఇక ఊళ్ళో ప్రతి కుర్రాడికీ ఒక పేరు, ఒక వీధి నంబరు.

గోడ కదలదు కదా. రైలు కదులుతుంది. బ్రాంక్స్‌లో రాత్రిపూట రైళ్ళు నిలిపే యార్డులో దూరి పెట్టె మీద పేరు రాస్తే, తెల్లారేసరికి అది బ్రూక్లిన్ దాకా తిరిగొస్తుంది. పేరు చిన్నగా ఉంటే ఎవరికీ కనపడదు కాబట్టి పెద్దదైంది. అందరూ పెద్దగా రాస్తుంటే తేడా కోసం రంగులొచ్చాయి, ఫేజ్ 2 అనే ఆయన ఉబ్బిన బుడగల్లాంటి అక్షరాలు తెచ్చాడు, తర్వాత మన రంగులడబ్బా చెప్పిన వైల్డ్‌స్టైల్ వచ్చింది. 1980 నాటికి కిటికీలతో సహా పెట్టె మొత్తాన్ని కప్పేసేవాళ్ళు. ఫ్యాబ్ ఫైవ్ ఫ్రెడీ అనే ఆయన ఒక పెట్టె నిండా సూప్ డబ్బాలు వేశాడు, సూప్ డబ్బాల బొమ్మలతో పేరుపడ్డ పెయింటర్ ఆండీ వార్హోల్‌కి దణ్ణం పెడుతున్నట్టు. బ్రాంక్స్‌లో 149వ వీధి స్టేషన్లో ఒక బెంచీ ఉండేది. రైటర్లంతా అక్కడ కూర్చుని వచ్చే పోయే రైళ్ళ మీది పనికి మార్కులు వేసేవాళ్ళు.

కూకట్‌పల్లి_రమణ | శనివారం, ఉదయం 11:30

మాధవి గారూ, బాగుంది. కానీ ఆ రైల్లో ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళని ఎవరైనా అడిగారా? కిటికీ మీద కూడా రంగు పూస్తే ఏ స్టేషనొచ్చిందో ఎలా తెలుస్తుంది? మా అపార్ట్‌మెంట్లో గోడ విషయమై నా దగ్గరికొచ్చింది ఆర్ట్ క్రిటిక్కులు కాదు, మెయింటెనెన్స్ కట్టేవాళ్ళు.

శుభ్రత_ముఖ్యం | శనివారం, ఉదయం 11:41

>> ఆ రైల్లో ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళని ఎవరైనా అడిగారా?

ఇదీ పాయింట్. పోలీసులు లాఠీ తీస్తే వారంలో అయిపోయేది.

క్వీన్స్_మాధవి | శనివారం, మధ్యాహ్నం 12:10

లాఠీ తీశారండీ. 1983లో మైఖేల్ స్టువర్ట్ అనే 25 ఏళ్ళ నల్లజాతి కుర్రాణ్ణి ఫస్ట్ అవెన్యూ స్టేషన్లో గోడ మీద రాస్తున్నాడని ట్రాన్సిట్ పోలీసులు పట్టుకెళ్ళారు. ఆసుపత్రికి చేర్చేసరికి స్పృహ లేదు, 13 రోజులకి చనిపోయాడు. కేసు నడిచింది, పోలీసులు నిర్దోషులుగా బయటికొచ్చారు. ఇప్పుడు బొమ్మలు కోట్లు పలికే పెయింటర్ జాన్ మిషెల్ బాస్కియా ఆ వార్త విని, సాటి ఆర్టిస్టు కీత్ హేరింగ్ స్టూడియో గోడ మీద ఒక బొమ్మ వేశాడు. ఆ కుర్రాడి స్థానంలో తను ఉండి ఉండొచ్చన్న భయం అది. కాబట్టి "రెండు తగిలిస్తే" అనే మాట దయచేసి వద్దు.

రమణ గారి ప్రశ్న మాత్రం న్యాయమైనదే. ప్రయాణికుల్లో చాలామందికి చిరాకూ భయమూ. రైలు చూస్తే ఈ ఊరిని పట్టించుకునే దిక్కు లేదనిపించేది. మేయర్ ఎడ్ కాచ్ యార్డుల చుట్టూ ముళ్ళ కంచెలు వేయించి కుక్కల్ని వదిలాడు. 1984లో వేరే పద్ధతి మొదలెట్టారు: ఒకసారి శుభ్రం చేసిన పెట్టె మీద మళ్ళీ రాత పడితే, అది తుడిచేదాకా పట్టాల మీదికి రానివ్వరు. లాఠీ కంటే అదే పనిచేసింది. పేరు నలుగురి కంటా పడకపోతే రైటరుకి ఇంకేం మిగులుతుంది? రాతలున్న చివరి పెట్టెని 1989 మే 12న పక్కన పెట్టేశారు.

మోడరేటర్ | శనివారం, మధ్యాహ్నం 12:30

చెయ్యి చేసుకునే సలహాలు ఇక్కడ వద్దు. చర్చ బాగుంది, కొనసాగించండి.

బ్రష్షు_బాబాయ్ | శనివారం, సాయంత్రం 5:50

నాయనలారా, మా మనవడు ఈ చర్చ తెరిచి ఇచ్చాడు. గుంటూరు జిల్లాలో ముప్ఫై ఏళ్ళు గోడల మీద రాసినవాణ్ణి. సిమెంటు కంపెనీలు, ఎరువులు, బనియన్లు, సర్కస్, అన్ని పార్టీల ఎన్నికలూ. కాబట్టి గోడ గురించి నాలుగు మాటలు మాట్లాడే హక్కు నాకుంది అనుకుంటాను.

మీరు అమెరికా సంగతి చెప్తుంటే నవ్వొచ్చింది. రాత్రిపూట గోడలు పట్టడం మాకు కొత్తా? ఎన్నికల ముందు సాయంత్రమే పార్టీ కుర్రాళ్ళొచ్చి గోడకి సున్నం పూసి, మూల మీద పార్టీ పేరు గీకి పోయేవాళ్ళు. అంటే ఆ గోడ బుక్కయినట్టు. ఇంటాయన్ని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. మరీ పెద్దమనిషి ఇల్లయితే "అయ్యా, మీ గోడ మీద రాసుకుంటాం" అనేవాళ్ళు, అడిగినట్టు కాదు, చెప్పినట్టు. తర్వాత మేం వెళ్ళేవాళ్ళం. దారానికి నీలిపొడి అద్ది, నేనో కొస, మా తమ్ముడో కొస పట్టుకుని, బిగించి, మధ్యలో లాగి వదిలితే టప్పున గోడ మీద గీత పడేది. పైనొకటి, కిందొకటి. ఆ రెండు గీతల మధ్యే బతుకంతా గడిచింది. సుద్దముక్కతో అక్షరం కట్టు గీసుకుని, లోపల బ్రష్షుతో నింపుకుంటూ పోవడమే. తెలుగులో 'శ్రీ' చక్కగా రాసినవాడు ఏదైనా రాస్తాడని మా గురువు గారు అనేవారు.

వీళ్ళకీ మాకూ తేడా ఒక్కటే. మేం కంపెనీ పేరు, నాయకుడి పేరు రాశాం. ముప్ఫై ఏళ్ళలో కొన్ని వేల గోడలు, ఒక్క చోట కూడా నా పేరు లేదు. మహా అయితే కింద మూలన వేలెడంత అక్షరాల్లో 'బాబు ఆర్ట్స్'. ఈ టాకీ అనే కుర్రాడు ఊరంతా తన పేరే రాసుకున్నాడంటే, వాడి ధైర్యానికి ముందు ఆశ్చర్యపోయాను. తర్వాత కొంచెం కుళ్ళుకున్నాను.

రంగులడబ్బా | శనివారం, సాయంత్రం 6:20

బాబాయ్, దండం. ఫ్లెక్సీ వచ్చినాక ఏం చేసిన్రు మీరు?

బ్రష్షు_బాబాయ్ | శనివారం, సాయంత్రం 6:45

ఏం చేస్తాం? మొదటి రెండేళ్ళు ఫ్లెక్సీ ఎండకి వెలిసిపోతుంది, మళ్ళీ మన దగ్గరికే వస్తారని ఎదురుచూశాం. వెలిసిపోతే ఇంకోటి వేయించుకోవడం మొదలెట్టారు. నేను లారీల వెనక రాసుకుంటూ కొంతకాలం గడిపాను. మా తమ్ముడు ఫ్లెక్సీ షాపే పెట్టాడు.

లోధీ_కాలనీ_వాసి | శనివారం, రాత్రి 8:30

ఢిల్లీ నుంచి. మేముండే లోధీ కాలనీ 1940ల నాటి ప్రభుత్వ క్వార్టర్లు, అన్నీ ఒక్కలాగే ఉంటాయి. ఎత్తైన ఆర్చీలు, వాటి పక్కన ఖాళీ గోడలు. కొత్తలో మా ఇల్లు దాటిపోయి పక్క బ్లాకులో బెల్లు కొట్టిన రోజులున్నాయి. 2015 నుంచి స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ వాళ్ళు దేశదేశాల ఆర్టిస్టుల్ని పిలిపించి ఆ గోడలకి బొమ్మలు వేయించారు. ఇప్పుడు ఆటోవాడికి బొమ్మ గుర్తు చెప్తే చాలు.

అన్నిట్లో నాకు నచ్చింది డాకు అనే ఆయన పని. ఆయన మొహం ఎవరికీ తెలీదు. అంతకుముందు రోడ్డు పక్క 'స్టాప్' బోర్డుల కింద ఇంకో మాట చేర్చి పోయేవాడు, 'హారన్ కొట్టడం' అనో 'షాపింగ్' అనో. లోధీలో రంగే వాడలేదు. గోడ నుంచి బయటికి పొడుచుకొచ్చేలా అక్షరాలు బిగించాడు. ఎండ పడితే వాటి నీడలు గోడ మీద మాటలవుతాయి, కాలం ఏమేమి మార్చేస్తుందో చెప్తూ. పొద్దున ఒకవైపు వాలి ఉంటాయి, మధ్యాహ్నానికి సాగుతాయి, సూర్యుడు పక్కకి తప్పుకున్నాక గోడ ఖాళీ. మా అత్తగారు దానికి ఎదురుగా కూర్చుని బఠాణీలు ఒలుస్తూ "ఇంక లోపలికి పదండి, అక్షరాలు పోయాయి" అనేవారు.

ఇంకో తమాషా. 2014లో ఐటీఓ దగ్గరి పోలీస్ హెడ్‌క్వార్టర్స్ భవనం మీదే దాదాపు 150 అడుగుల గాంధీ బొమ్మ వేశారు. జర్మనీ ఆర్టిస్టు హెండ్రిక్ బైకిర్శ్, మన అన్పు వర్కీ కలిసి. గోడ మీద రాసేవాళ్ళని పట్టుకునే పోలీసులే గోడ ఇచ్చారన్నమాట.

రంగులడబ్బా | శనివారం, రాత్రి 9:40

హైదరాబాద్‌లో కూడా 2016లో వాళ్ళే వచ్చి మక్తాలో గోడలు వేయించిన్రు, రాజ్‌భవన్ దగ్గరి బస్తీ. అప్పుడు నేను కాలేజీ. నిచ్చెన పట్టుకుంటా, డబ్బాలు అందిస్తా అని పోయిన. స్ప్రే క్యాన్‌ని దగ్గర నుంచి చూసింది అక్కడే. లోపల చిన్న గోలీ ఉంటది, ఊపితే టకటకమంటది. నాజిల్‌ని క్యాప్ అంటరు. సన్న క్యాప్ పెడితే పెన్సిల్ లెక్క గీత, లావు క్యాప్ పెడితే చెయ్యంత వెడల్పు. న్యూయార్క్‌ల మొదట్ల ఈ క్యాపులు ఎవరూ అమ్మలేదు. ఇంట్లో వాడే వేరే స్ప్రే డబ్బాల నాజిళ్ళు పీకి పెయింట్ డబ్బాలకి తగిలించుకున్నరు. ఇప్పుడు బార్సిలోనా కంపెనీలు ఈ పనికోసమే డబ్బాలు చేస్తున్నయి. ఇక్కడ కొనాలంటే మస్తు రేటు.

చెయ్యి ఆగొద్దు, అదొక్కటే రూలు. ఆగిన చోట రంగు కారుతది. గోడకి దగ్గరైతే గీత సన్నం, దూరం పోతే పొగ లెక్క పరుచుకుంటది. మణికట్టు కాదు, భుజం నుంచి తిప్పాలె.

కానీ ఒక మాట చెప్తా, ఎవరూ ఏమనుకోవద్దు. పర్మిషన్ తీసుకుని వేస్తే అది మ్యూరల్. మంచిదే, నా అన్నం అదే పెడుతుంది. దాన్ని గ్రాఫిటీ అనొద్దు. ముందు స్కెచ్ పంపాలె, వాళ్ళు "కొంచెం బ్రైట్‌గా చేయండి, నెమలి పెట్టండి" అంటరు. ఒకచోట పది రోజులు ఎండల నిలబడి వేసిన, పైసలకి మూడు నెలలు తిప్పిన్రు. రమణన్న గోడ మీది మనిషికి ఆ తలనొప్పులేం లేవు.

అడయార్_అనిత | శనివారం, రాత్రి 10:15

చెన్నైలో కణ్ణగి నగర్ విషయం కూడా ఆలోచించాలి. ఊరి మధ్యలోని గుడిసెల నుంచి ఖాళీ చేయించిన కుటుంబాలని అక్కడ బ్లాకులు కట్టి పెట్టారు. ఆ పేరు చెప్తే ఉద్యోగం ఇవ్వడానికి కూడా వెనకాడేవాళ్ళని అంటారు. 2020లో ఆ గోడల మీద పెద్ద పెద్ద బొమ్మలొచ్చాయి. నేను చూడ్డానికి వెళ్ళాను, బొమ్మలు నిజంగా బాగున్నాయి. అక్కడ బిందెలు పట్టుకుని నిలబడ్డ ఒకావిడ "ఫొటోలకి చాలామంది వస్తున్నారమ్మా, నీళ్ళే రావడం లేదు" అంది. ఆవిడ ఎత్తిపొడుస్తోందా, మామూలుగా చెప్తోందా నాకు అర్థం కాలేదు. ఫోన్ బ్యాగులో పెట్టేసుకున్నాను.

అయితే మా డ్రైవర్ తమ్ముడు అక్కడే ఉంటాడు. ఇప్పుడు అడ్రస్ చెప్తే "ఓ, ఆ బొమ్మల కాలనీయా" అంటున్నారట. అది కూడా చిన్న విషయం కాదు.

శుభ్రత_ముఖ్యం | ఆదివారం, ఉదయం 8:05

పర్మిషన్‌తో వేసిన బొమ్మలకి నేనూ వ్యతిరేకం కాదు. కానీ ఇంగ్లండ్‌లో గోడల మీద బొమ్మలేసే ఆ 'బ్యాంక్సీ' అని ఎవరో ఉన్నారుగా, ఆయనా దొంగతనంగానే వేశాడు. ఆయనకో న్యాయం, రమణ గారి గోడ మీద వేసినవాడికో న్యాయమా?

క్వీన్స్_మాధవి | ఆదివారం, ఉదయం 9:30

బ్యాంక్సీ పేరు ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాను, 24 గంటలు పట్టింది :) సరే. ఆయన స్టెన్సిల్ పద్ధతి కూడా సొంతం కాదు, పారిస్‌లో బ్లెక్ ల రా 1981 నుంచే గోడల మీద ఎలుకలు వేస్తున్నాడు. అట్ట ముందే కోసుకుని వెళ్తే గోడ దగ్గర రెండు నిమిషాల పని, పోలీసులొచ్చేలోపు మాయమైపోవచ్చు.

మీరడిగిన "ఎవరికో న్యాయం" అన్నదానికి నా కళ్ళతో చూసింది చెప్తాను. నేను 2009లో ఇక్కడికొచ్చాను. మాన్‌హటన్‌లో ఆఫీసుకి 7 నంబరు రైల్లో వెళ్ళేదాన్ని. లాంగ్ ఐలండ్ సిటీలో రైలు పైనుంచి మలుపు తిరిగేటప్పుడు పాత ఫ్యాక్టరీ ఒకటి కనపడేది, ఒకప్పుడు నీళ్ళ మీటర్లు చేసేవారట. దాన్నే ఫైవ్ పాయింట్జ్ అనేవాళ్ళు. కింది నుంచి పైకప్పు దాకా ఇసుమంత ఖాళీ లేకుండా బొమ్మలు. యజమాని ఒప్పుకునే వేశారు. మీరెస్ వన్ అనే ఆర్టిస్టు ఏ గోడ ఎవరికి ఇవ్వాలో చూసుకునేవాడు. బొమ్మలు మారుతూ ఉండేవి. రైల్లో పేపర్ చదివేవాళ్ళు కూడా ఆ మలుపులో తల ఎత్తేవాళ్ళు.

2013 అక్టోబరులో బ్యాంక్సీ నెలంతా న్యూయార్క్‌లో రోజుకో పని చేసి, చివరి రోజు, యజమాని కూల్చబోతున్న ఫైవ్ పాయింట్జ్‌ని కాపాడండి అని రాసి వెళ్ళాడు. నవంబరు 19, మంగళవారం. రైలు మలుపు తిరిగింది. నేను అలవాటుగా తలెత్తాను. యజమాని రాత్రికి రాత్రి మొత్తం తెల్ల రంగు కొట్టించేశాడు. కొట్టడం కూడా సరిగ్గా కొట్టలేదు, తెలుపు వెనక నుంచి కళ్ళూ, అక్షరాల అంచులూ కనపడుతున్నాయి. పెట్టెలో ఎవరూ మాట్లాడలేదు. నా పక్కనున్న పెద్దాయన ఒక్కడు 'అయ్యో' లాంటిదేదో స్పానిష్‌లో అన్నాడు.

21 మంది ఆర్టిస్టులు కోర్టుకెళ్ళారు. అమెరికాలో 1990 నాటి చట్టం ఒకటుంది, పేరున్న కళాఖండాన్ని దాని సొంతదారు కూడా ఇష్టమొచ్చినట్టు నాశనం చేయకూడదని. 2018లో జడ్జి 45 బొమ్మలకి ఒక్కోదానికి లక్షన్నర డాలర్లు వేశాడు, మొత్తం 67.5 లక్షలు. యజమాని పర్మిట్లు వచ్చేదాకా పది నెలలు ఆగి కూల్చి ఉంటే ఇంత శిక్ష పడేది కాదని కూడా అన్నాడు. పై కోర్టులో కూడా అదే నిలబడింది.

ఆ 21 మందిలో లేడీ పింక్ ఉంది. ఈక్వడార్‌లో పుట్టి, 1979లో పదిహేనేళ్ళ వయసులో మగపిల్లలతో పోటీపడి రైలు యార్డుల్లోకి దూరిన అమ్మాయి. కంచెలూ కుక్కలూ ఆవిడలాంటి వాళ్ళ కోసమే పెట్టారు. నలభై ఏళ్ళు తిరక్కుండానే అదే ఊళ్ళో ఆవిడ బొమ్మ చెరిపినందుకు ఇంకొకరి చేత జరిమానా కట్టించారు. నాకు ఈ చరిత్ర మొత్తంలో ఇదే అన్నిటికంటే విచిత్రంగా తోస్తుంది.

రంగులడబ్బా | ఆదివారం, ఉదయం 10:00

అక్కా, నేననేది కూడా అదే కదా. ఆ కేసు గెలిచింది ఓనర్ పర్మిషన్‌తో వేసిన బొమ్మలకి. రైలు మీద వేసినవాటికి ఎవరైనా రూపాయి ఇచ్చిన్రా?

క్వీన్స్_మాధవి | ఆదివారం, ఉదయం 10:20

ఇవ్వలేదు, నిజమే. వాటిలో మిగిలింది ఫొటోలే. మార్తా కూపర్, హెన్రీ చాల్ఫాంట్ అనే ఇద్దరు ఏళ్ళ తరబడి స్టేషన్లలో కాపు కాసి తీయకపోతే ఈ రోజు మనకి చూపించడానికేమీ ఉండేది కాదు. ఇటలీలోని బోలోన్యాలో బ్లూ అనే ఆర్టిస్టు అయితే 2016లో ఇరవై ఏళ్ళ సొంత బొమ్మల మీద తనే బూడిద రంగు కొట్టేశాడు. వీధి బొమ్మల్ని గోడల నుంచి ఊడదీసి ఎగ్జిబిషన్లో పెడుతున్నారని తెలిసి. రాత్రిపూట వేసేవాళ్ళకి చెరిగిపోతుందని ముందే తెలుసు. ఎవరు చెరపాలన్నదే గొడవంతా.

లా_పాయింట్ | ఆదివారం, మధ్యాహ్నం 1:15

రమణ గారికి పనికొచ్చే సంగతి. బహిరంగ ప్రదేశాల్ని పాడుచేయకుండా 1997 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం ఉంది, తెలంగాణలోనూ అదే నడుస్తోంది. కాబట్టి మీరు కంప్లయింట్ ఇవ్వచ్చు. మీ గోడ మీరు తుడుచుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మన దేశంలోనూ లేడీ పింక్ కేసు లాంటిది ఉంది. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో శిల్పి అమర్‌నాథ్ సెహగల్ చేసిన పెద్ద కంచు కుడ్యశిల్పాన్ని 1979లో పీకి గోడౌన్లో పడేశారు. ఆయన కోర్టుకెళ్తే 2005లో ఢిల్లీ హైకోర్టు మిగిలిన ముక్కలు తిరిగివ్వమని, 5 లక్షలు కట్టమని చెప్పింది. కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ కింద, అంటే తన పనిని పాడుచేస్తే కళాకారుడు అడిగే హక్కు. అలాగని అన్నీ గెలవరు. 2017లో ఢిల్లీ ప్రగతి మైదాన్‌లో హాల్ ఆఫ్ నేషన్స్ అనే ఎగ్జిబిషన్ భవనం కూల్చినప్పుడు దాని ఆర్కిటెక్ట్ అదే సెక్షన్‌తో వెళ్ళి ఓడిపోయారు. మీ గోడ మీది ఆసామి మాత్రం కోర్టుకి రాడు లెండి, వస్తే పేరు చెప్పాలి కదా.

కూకట్‌పల్లి_రమణ | ఆదివారం, సాయంత్రం 4:40

అందరికీ థాంక్స్. కంప్లయింట్ ఇచ్చే ఓపిక లేదు. సున్నం కొట్టినా ఎందుకు తేలుతోందో ఎవరూ చెప్పలేదు. దానికి ఏం కొట్టాలి? ఇంకో ఫొటో పెట్టాను, ఈసారి పగటి వెలుగులో తీశా.

బ్రష్షు_బాబాయ్ | ఆదివారం, సాయంత్రం 6:30

రమణా, మార్కర్ ఇంకు, స్ప్రే నలుపు సున్నానికి లొంగవు. తడి తగలగానే పైకి ఉబికి వస్తాయి. ముందు ఉప్పుకాగితంతో రుద్ది, ఆయిల్ ప్రైమర్ ఒక కోటు కొట్టి, పూర్తిగా ఆరనివ్వు. అప్పుడు ఎమల్షన్ రెండు కోట్లు. సున్నం జోలికి మాత్రం పోవద్దు.

ఇక ఫొటో. ఆ రంగుల కుర్రాడు దీన్ని ఇంగ్లీషులో చదవబోయాడు, అందుకే అందలేదు. మెలికలన్నీ వదిలేసి కట్టు మాత్రం చూడు. పక్కపక్కన రెండు చక్రాల్లాంటి వంపులు, పైన కొస మెలి తిప్పడం. అది తెలుగు అక్షరం నాయనా. బండి ఱ. గుఱ్ఱం, కఱ్ఱ అని రాసేటప్పుడు ఇదే పెట్టాలని మా గురువు గారు చేతి మీద కొట్టి నేర్పారు. ఇప్పుడు బళ్ళో కూడా సరిగ్గా చెప్పడం లేదు. పక్కనున్న కొత్తదీ అదే అక్షరం, కాకపోతే ముందుకి వాలినట్టు, పరిగెత్తుతున్నట్టు రాశాడు.

రంగులడబ్బా | ఆదివారం, సాయంత్రం 6:38

అబ్బా!! ఇప్పుడు కనపడ్డది. బాబాయ్, మీరు దేవుడు. నిన్నటి నుంచి ఎనిమిది, ఎనిమిది అనుకుంట కూర్చున్న.

కూకట్‌పల్లి_రమణ | ఆదివారం, రాత్రి 7:10

బండి ఱ-నా? మా అబ్బాయికి చూపిస్తే ఈ అక్షరం వాడికి అసలు తెలీదన్నాడు. తెలుగు మీడియంలో చదివిన నేను కూడా గుర్తుపట్టలేదు. ఎవడండీ వీడు, ఒక్క అక్షరం పట్టుకుని మా గోడకొచ్చాడు? బాబాయ్ గారూ, మీ లెక్కలో వాడి చెయ్యి ఎలా ఉంది?

బ్రష్షు_బాబాయ్ | ఆదివారం, రాత్రి 7:45

మొదటిది నేర్చుకుంటున్న చెయ్యి. ఎడమ చక్రం దగ్గర ఆగాడు, చూడు, మూడు చారలు కారాయి. కుడి పక్క లావు ఎక్కువైంది. రెండోదానికి బాగా కుదిరింది. ఆ వంపు ఒక్క ఊపులో తిప్పాడు, ఎక్కడా తడబడలేదు. పది రోజుల్లో అంత మార్పు వచ్చిందంటే ఇంకెక్కడో సాధన చేస్తున్నాడు.

కూకట్‌పల్లి_రమణ | ఆదివారం, రాత్రి 8:20

రేపు పెయింటర్‌ని రమ్మన్నాను. పదిహేను అడుగుల గోడ, ఐదడుగుల ఎత్తు. ప్రైమర్ లీటరు సరిపోతుందా, రెండు తేవాలా?

బ్రష్షు_బాబాయ్ | ఆదివారం, రాత్రి 8:32

లీటరు చాలు. పెయింటరొచ్చేలోపు ఆ రెండోదాన్ని ఇంకాస్త దగ్గర నుంచి ఒక ఫొటో తీసి పెట్టు. పైన కొస ఎలా ముగించాడో సరిగ్గా కనపడటం లేదు.